నాలుగు ఆదివారాల గర్భిణుల తరగతి: మూడో వారం కోసమైనా వెళ్లదగినది

మా కోడలికి ఐదో నెల నిండిన వారంలో, ఆమె చూపించుకుంటున్న హైదరాబాదు ప్రైవేటు ఆసుపత్రివారే నడిపే గర్భిణుల శిక్షణ తరగతిలో పేరు రాయించాము. నాలుగు ఆదివారాలు, వారానికి రెండు గంటలు, మొత్తం రుసుము 3,500 రూపాయలు. గర్భిణితో పాటు ఇంటివారిలో ఒకరు కూర్చోవచ్చు. ఆ ఒకరు భర్త అయితే మంచిదని వారు సూచించారు గాని, మా అబ్బాయి ఉద్యోగం ఓడల మీద కావడం వల్ల ఆ కుర్చీ నాకు దక్కింది. 31 సంవత్సరాలు జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పి విరమించినదాన్ని, ఎదుటివారి పాఠంలో తప్పులు వెతికే దురలవాటు నాకున్నదని ముందే ఒప్పుకోవడం న్యాయం. తరగతిలో మెచ్చుకోవలసినవీ తప్పుపట్టవలసినవీ రెండూ ఉన్నాయి కాబట్టి ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి తరగతులు ఇప్పుడు నగరంలో చాలాచోట్ల నడుస్తున్నాయి, ఎంచుకునేవారికి ఏమి అడగాలో తెలిస్తే చాలునన్నదే నా ఉద్దేశం.

మొదటి, రెండవ, నాలుగవ వారాల గురించి ఎక్కువగా చెప్పవలసింది లేదు. వ్యాయామాలు నేర్పిన ఫిజియోథెరపిస్టు ఓపికగా నేర్పారు, ఆహారం గురించిన పాఠం ఏ పత్రికలోనైనా దొరికేదే, కానుపు గది చూపించడం మాత్రం మా కోడలి భయాన్ని నిజంగా తగ్గించింది. గదిలో కుర్చీలు గర్భిణులకు తగినవి కావు, వెనుక వరుసవారికి మైకు సరిగా వినపడదు, బండి నిలపడానికి చోటు లేదు. ఈ లోపాలన్నీ సర్దుకోదగినవే. నేను ఈ సమీక్ష రాయడానికి కూర్చున్నది మాత్రం మూడో ఆదివారం కోసం. ఆ రోజు పాఠం, "గర్భిణి దూరంగా ఉంచవలసినవి". అందులో పొగాకు, సొంతంగా కొనుక్కునే మాత్రలు, పచ్చి మాంసం వంటివన్నీ కలిపి ఒక గంటలో ముగియగా, మిగిలిన గంట మొత్తం మద్యానికే పోయింది.

అంత సమయం మద్యానికి కేటాయిస్తారని ఎవరూ అనుకోలేదు. గదిలో పద్నాలుగు జంటలు, అంటే పద్నాలుగు మంది గర్భిణులూ వారి వెంట వచ్చినవారూ ఉన్నాము. తెర మీద మొదట కనిపించిన బొమ్మలో ఒక తెల్ల స్త్రీ చేతిలో ఎర్రటి వైను గ్లాసు, దాని మీద అడ్డంగా గీత ఉన్నాయి. నా పక్కన జనగామ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ, ఆమె కూతురు కూర్చున్నారు. ఆ బొమ్మ వారికి సంబంధించినది కాదని ఇద్దరి ముఖాల్లోనూ తెలిసిపోయింది. నేనూ అంతే అనుకొని చేతిసంచిలోని కళ్లజోడు తీయడం కూడా మానేశాను.

పాఠం చెప్పిన నర్సు, అందరూ సిస్టర్ అని పిలిచే యాభై ఏళ్ల మనిషి, ఆ బొమ్మను చూసి తానే నవ్వి తెర ఆపివేయించారు. "అమ్మా, ఆసుపత్రి ఫారంలో మద్యం అలవాటు ఉందా అన్నచోట మీరందరూ లేదు అనే గీత పెట్టి ఉంటారు. అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. కానీ మన దగ్గర మద్యం అన్న మాటలో కల్లు లేదు, బీరు కొందరికి ఉంది, కొందరికి లేదు. మందు అంటే ఇంకా చిక్కు," అన్నారు. ఈ ఒక్క మాట కోసమే నేను ఆమెకు సగం మార్కులు వేసేస్తాను. మన భాషలో మందు అన్న ఒకే పదం డాక్టరు రాసి ఇచ్చేదానికీ, సాయంత్రం సీసాలో తెచ్చుకునేదానికీ చెల్లుతుంది. తాటి వనంలో ముంత పట్టుకున్న మనిషిని "మందు తాగుతావా" అని అడిగితే లేదనే అంటాడు, అది అతని దృష్టిలో నిజమే. అడిగే ప్రశ్నలో ఆ మనిషి తాగేదాని పేరు లేకపోతే వచ్చే జవాబుకు విలువ లేదు, ఇచ్చే హెచ్చరికకూ విలువ లేదు.

తర్వాత ఆమె అందరికీ చిన్న చీటీలు పంచారు. పేరు రాయనక్కరలేదు, ఇంట్లో ఎవరైనా ఏదైనా తాగడం, తాగించడం గురించి సందేహముంటే రాసి డబ్బాలో వేయమన్నారు. రాయలేనివారు పక్కవారిచేత రాయించుకోవచ్చు. పది నిమిషాలలో డబ్బా నిండింది. అప్పటిదాకా తలవంచుకొని కూర్చున్న గదిలో ఇన్ని ప్రశ్నలు ఎక్కడ దాగి ఉన్నాయో అనిపించింది. 2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో మద్యం తాగుతామని చెప్పినవారు దేశం మొత్తం మీద 1.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం కాగా తెలంగాణలో 6.7 శాతం, తెలంగాణ పల్లెల్లో 9 శాతం. ఈ అంకెలు సిస్టర్ చెప్పలేదు, ఇంటికి వచ్చాక నేను చూసుకున్నాను. చెప్పి ఉంటే ఆ వైను గ్లాసు బొమ్మ ఈ గదికి ఎంత దూరమో అందరికీ ఇంకా బాగా తెలిసేది. తెలంగాణ పల్లెలో బోనాలకూ, దసరాకూ, దావతులకూ ఆడవాళ్లు కూర్చుని కల్లు పంచుకోవడంలో దాపరికమేమీ లేదు. అందులో సిగ్గుపడవలసిందీ లేదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా అది సాగడంలోనే చిక్కు ఉంది.

మొదటి చీటీ కల్లు గురించే. ఈత కల్లు చలువ చేస్తుందని, వేవిళ్లప్పుడు కడుపులో మంట తగ్గుతుందని అత్తగారు అంటున్నారు, రోజూ ఒక గ్లాసు తాగవచ్చా అని ప్రశ్న. రాసినది ఎవరో తెలియదు గాని నా పక్కనున్న పెద్దావిడ వెంటనే, "చెట్టు నీళ్లే గద సిస్టర్, దాంట్లె ఏం కలుపుతరు? మా అమ్మ నేను కడుపుల ఉన్నప్పుడు గూడ తాగిందట, నాకేమైంది?" అని గట్టిగానే అడిగారు. ఇక్కడ సిస్టర్ కసురుకోలేదు, నవ్వలేదు. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరేనని, కానీ లొట్టిలో పడిన క్షణం నుంచే గాలిలోని, లొట్టిలోని ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగా మార్చడం మొదలుపెడుతుందని, తెల్లవారుజామున దించినదానికీ మధ్యాహ్నం తాగేదానికీ అందువల్లనే ఘాటులో తేడా అని చెప్పారు. లొట్టికి సున్నం పూసి, చల్లగా ఉంచి పులియనివ్వకుండా దించితే నీరా అవుతుంది, అది వేరు సరుకు.

కొంత పులిసిన కల్లులో ఆల్కహాలు 4 శాతం చుట్టుపక్కల ఉంటుందనుకుంటే, 650 మిల్లీలీటర్ల సీసాలో 26 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 20 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉన్నట్లు. ఈ లెక్క నేను నా పుస్తకం వెనుక వేసుకున్నది. 30 మిల్లీలీటర్ల విస్కీలో ఉండేది సుమారు 10 గ్రాములు. అంటే చలువ చేస్తుందని తాగిన ఒక్క సీసా రెండు పెగ్గులకు సమానం. ఈ పోలిక తరగతిలో చెప్పి ఉండవలసింది. గదిలో ఎవరూ రెండు పెగ్గుల విస్కీ గర్భిణికి ఇవ్వరు, ఆ మాట వింటేనే చెవులు మూసుకుంటారు.

"నాకేమైంది" అన్న ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు కూడా నాకు నచ్చింది. తాగిన ప్రతి తల్లికీ బిడ్డ దెబ్బతినదు. ఎంత తాగారు, ఎన్నిసార్లు, ఏ నెలలో, తల్లి ఆహారం ఎలా ఉంది, శరీరం ఎలాంటిది అన్నవన్నీ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఎవరి బిడ్డ తప్పించుకుంటుందో ముందుగా చెప్పగల పరీక్ష లేదు, ఇంతవరకైతే ప్రమాదం లేదని తేల్చిన కొలతా లేదు. కనుకనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సహా వైద్యులంతా గర్భిణికి చెప్పే సలహా ఒక్కటే, అసలు వద్దు అని.

మద్యం బిడ్డకు ఎలా చేరుతుందో చూపడానికి ఆమె ఒక గాజు గ్లాసులో వేడి నీళ్లు పోసి టీ సంచి ముంచారు. కాగితం చిరగలేదు, రంగు మాత్రం నీళ్లంతా పాకింది. మాయ (ప్లాసెంటా) కూడా ఆ కాగితం లాంటిదేనన్నారు. మాయ అడ్డుగోడ అని, తల్లి తిన్నదాంట్లో మంచి మాత్రమే బిడ్డకు పంపుతుందని మనలో చాలామందికి ఒక నమ్మకం. ఆల్కహాలు అణువు చాలా చిన్నది, నీటిలోనూ కొవ్వులోనూ కలిసిపోయేది, అందువల్ల శరీరంలోని పొరలు దానికి అడ్డు కావు. కొద్దిసేపట్లోనే బిడ్డ రక్తంలో దాని మోతాదు తల్లి రక్తంలో ఉన్నంతకు దగ్గరగా చేరుతుంది. తల్లి కాలేయానికి దాన్ని విరగ్గొట్టే ఎంజైములు ఉన్నాయి, బిడ్డ కాలేయంలో అవి ఇంకా చాలా తక్కువ. పైగా ఉమ్మనీటిలోకి చేరినది అక్కడ నిలిచి, బిడ్డ ఆ నీటినే మింగుతూ ఉంటుంది. టీ సంచి ఉపమానం రసాయన శాస్త్రం ప్రకారం కచ్చితమైనది కాకపోయినా, గదిలోని ఏ ఒక్కరూ దాన్ని మరచిపోరు. నా తరగతుల్లో నేను ఇంత తేలికగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ తరువాత వచ్చిన చీటీ చదివేటప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. ఏడో వారంలో గాని గర్భమని తెలియలేదు, అంతకు ముందు ఆఫీసు పార్టీల్లో రెండుసార్లు బీరు తాగాను, ఇంట్లో ఎవరికీ తెలియదు, రాత్రులు నిద్ర పట్టడం లేదు అని ఉంది. సిస్టర్ చీటీని మడిచి జేబులో పెట్టుకొని, ఎవరి వైపూ చూడకుండా మాట్లాడారు. నెల తప్పేదాకా గర్భమని తెలియకపోవడం ప్రకృతి చేసిన ఏర్పాటని, తెలిసిన రోజు నుంచి ఆపడమే తల్లి చేయగలిగింది, చేయవలసింది అని, ఏ నెలలో ఆపినా అప్పటి నుంచి బిడ్డకు మేలేనని, అలా తాగడం జరిగిందన్న ఒక్క కారణంతో గర్భం తీయించుకోవాలన్న ఆలోచన పెట్టుకోవద్దని, డాక్టరుకు మాత్రం దాచకుండా చెప్పాలని అన్నారు. అవయవాలు రూపుదిద్దుకునేది ముఖ్యంగా తొలి వారాల్లో అయినా మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుందని, అందుకే "మూడు నెలలు దాటాయి కదా, ఇక ఫరవాలేదు" అన్న మాట చెల్లదని కూడా చెప్పారు. భయపెట్టకుండా నిజం చెప్పడం ఎంత కష్టమో తెలిసినదాన్ని కనుక, ఆ ఐదు నిమిషాలకు నేను కట్టిన రుసుము మొత్తం చెల్లిపోయిందనుకున్నాను.

బిడ్డకు ఏమవుతుందన్న భాగంలో మాత్రం పాఠం కొంత పలచబడింది. గర్భస్రావం, నెలలు నిండకముందే కానుపు, తక్కువ బరువు అన్న మూడు మాటలు గబగబా దాటేశారు. జీవితాంతం వెంటాడే నష్టం గురించి ఇంకా చెప్పి ఉండవలసింది. 1968లో ఫ్రాన్సులోని నాంత్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే పిల్లల వైద్యుడు, తన సహచరులతో కలిసి, తాగుడు అలవాటున్న తల్లిదండ్రుల పిల్లలు 127 మందిని పరిశీలించి వారి ముఖాల్లో, ఎదుగుదలలో కనిపించిన పోలికలను ప్రచురించారు. అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో కెనెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అనే వైద్యులు అవే లక్షణాలను వర్ణించి దానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ముక్కుకూ పై పెదవికీ మధ్య ఉండే గాడి చదునుగా ఉండటం, పై పెదవి పలచబడటం, కళ్ల చీలికలు చిన్నవిగా ఉండటం ఆ పోలికలు. అయితే మద్యం వల్ల దెబ్బతిన్న పిల్లల్లో ఎక్కువమందికి ముఖంలో ఏ గుర్తూ ఉండదు. దృష్టి నిలపలేకపోవడం, చెప్పినది మరచిపోవడం, లెక్కలు పట్టుబడకపోవడం, చేసిన పనికి ఫలితం ఊహించలేకపోవడం వంటివే ఉంటాయి. అటువంటి పిల్లవాడిని బడిలో మొద్దు అనో మొండి అనో పిలిచి వదిలేస్తారు. కారణం అదే అని ఏ ఒక్క పిల్లవాడి గురించీ చెప్పే అర్హత నాకు లేదు గాని, 31 ఏళ్లలో నేను వాడిన ఆ రెండు మాటలు ఆ రోజు నాకు గుర్తుకు వచ్చాయి.

ఇదే చోట నాకు నవ్వు తెప్పించిన ఒక ముచ్చట కూడా ఉంది. ఒక తాతమ్మ, మనవరాలి వెంట వచ్చినావిడ, తమ కాలంలో డాక్టరే నొప్పులు ఆగడానికి బ్రాందీ ఇచ్చేవాడని అన్నారు. గదిలో అందరూ నవ్వారు గాని ఆమె చెప్పినది పూర్తిగా కొట్టివేయదగినది కాదు. నెలలు నిండకుండా నొప్పులు మొదలైనప్పుడు ఆల్కహాలును నరంలోకి ఎక్కించి ఆపే పద్ధతిని 1960లలో అమెరికాలో ప్రవేశపెట్టారు, 70లలో కూడా పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో వాడారు. వైద్యమే తన మాట మార్చుకున్నదని ఒప్పుకుంటే ఇంట్లోని పెద్దవాళ్లను ఒప్పించడం తేలిక. సిస్టర్ ఇక్కడ "అవన్నీ పాతకాలపు మాటలమ్మా" అని దాటవేయడం ఆ గంటలో ఆమె చేసిన ఒకే ఒక్క పొరపాటు అని నా అభిప్రాయం.

మిగిలిన చీటీల్లో ఎక్కువ ఆసక్తి కలిగించినది ఆయుర్వేద అరిష్టాల గురించినది. దశమూలారిష్టం, ద్రాక్షాసవం వంటివి పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాలు బయటి నుంచి కలపరు, తయారీలో తానుగా పుడుతుంది. సీసా మీద ఆ మాట రాసి ఉంటుంది, సాధారణంగా 5 నుంచి 10 శాతం వరకు. బాలింతకు రోజుకు రెండుసార్లు 30 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తే, 8 శాతం లెక్కన రోజుకు దాదాపు 4 గ్రాముల ఆల్కహాలు ఒంట్లోకి పోతుంది. పాలలోకి కూడా అది రక్తంలో ఉన్న పాళ్లలోనే చేరుతుంది. ఆయుర్వేద వైద్యుడు చూసి ఇవ్వడం వేరు, పక్కింటి వదిన చెప్పిందని గర్భిణికి కూడా పోయడం వేరు అని సిస్టర్ గట్టిగానే చెప్పారు. మా కోడలు అప్పుడు నా వైపు ఒకసారి చూసి, "అత్తయ్యా, మన అలమరలో ఉన్నది అదే కదా" అని మెల్లగా అన్నది. అవును, అదే.

పసిబిడ్డకు జలుబు చేస్తే నాలుక మీద రెండు చుక్కల బ్రాందీ రాయవచ్చా అని ఒక చీటీ ఉంది. రాయకూడదు, పసివాళ్లలో అది రక్తంలోని చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు. ఆల్కహాలు లేదని అమ్మే బీరు గురించి ఒక అమ్మాయి నేరుగానే అడిగింది. మన ఆహార భద్రత సంస్థ నిబంధనల ప్రకారం 0.5 శాతం దాటితేనే ఒక పానీయం మద్యం కిందికి వస్తుంది, కాబట్టి ఆల్కహాలు లేదన్న ముద్ర ఉన్నంత మాత్రాన అందులో సున్నా ఉన్నట్లు కాదు. 0.0 అని అంకె వేసినవి కొన్ని ఉన్నాయి, చదివి చూసుకోవాలి. సిస్టర్ జవాబు మాత్రం మొహమాటం లేనిది: "దాహమైతే మజ్జిగ తాగమ్మా, తొమ్మిది నెలలే కదా." భర్తల తాగుడు గురించి వచ్చిన రెండు చీటీలకు ఆమె చెప్పింది తక్కువే. ఇంట్లో సీసా కనిపిస్తూ ఉంటే మానడం కష్టమని, ఈ తొమ్మిది నెలలు ఆయన కూడా మానితే అది అన్నిటికంటే మంచి సాయమని అన్నారు. గదిలో ఉన్న ఆరుగురు భర్తల్లో ఒకరు తల ఊపారు.

కల్లు విషయానికి మళ్లీ రావాలి, ఎందుకంటే తరగతిలో అన్నిటికంటే విలువైన మాట గంట చివరలో వచ్చింది. కల్లు కాంపౌండ్లలో అమ్మేది చాలాచోట్ల చెట్టు కల్లు కాదని, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలామ్ వంటి మందులు కలిపిన నీళ్లని తెలంగాణలో అందరికీ తెలిసినదే. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయిన వార్త గదిలో అందరికీ గుర్తుంది. అటువంటి కల్లు రోజూ తాగే అలవాటున్న గర్భిణికి "రేపటి నుంచి మానెయ్" అని చెప్పి పంపేస్తే అది కూడా ప్రమాదమేనని సిస్టర్ చెప్పారు. ఆ మందులకు అలవాటు పడిన ఒళ్లు ఒక్కసారిగా అవి అందకపోతే వణుకు, భ్రాంతి, మూర్ఛలతో తిరగబడుతుంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు పల్లెల నుంచి అటువంటివారు ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. ఎక్కువగా సారా, విస్కీ తాగేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. అలవాటు బలంగా ఉన్నవారు ఇంట్లో సొంతంగా కాక, ఆసుపత్రిలో వైద్యుల ఎదుట మానాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ అయిన టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, గంట ముగిసేదాకా చెరపలేదు.

ఇంత మంచి గంట తరువాత చేతికి వచ్చిన పుస్తకం చూసి నాకు ఒళ్లు మండింది. నలభై పేజీల రంగుల పుస్తకం, రుసుములోనే ఇస్తారు. 23వ పేజీలో "గర్భిణులు ఆల్కహాలు తీసుకోవడాన్ని పరిమితం చేయాలి, వారానికి ఒకటి లేదా రెండుసార్లు, ఒకటి రెండు యూనిట్లకు మించరాదు" అని అచ్చయి ఉంది. ఏడు నిమిషాల ముందు అదే గదిలో అసలు వద్దని చెప్పారు. ఈ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. బ్రిటన్‌లో 2008 నాటి వైద్య మార్గదర్శకాలు, తొలి మూడు నెలలు మానమని, ఆ తరువాత తాగదలచుకుంటే ఇంతకు మించవద్దని చెప్పేవి. 2016లో అక్కడి ప్రధాన వైద్యాధికారులే ఆ మాట విరమించుకొని, గర్భిణులు అసలు తాగకపోవడమే క్షేమమని ప్రకటించారు. ఆ పాత కరపత్రాన్ని ఎవరో తెలుగు చేసి, తొలి మూడు నెలల మాట కూడా వదిలేసి, హైదరాబాదులో అచ్చు వేశారన్నది నా అనుమానం. యూనిట్ అంటే ఏమిటో పుస్తకంలో ఎక్కడా లేదు. బ్రిటన్ లెక్కలో అది 8 గ్రాములు. మన దుకాణాల్లో దొరికే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 8 శాతం ఉంటే అది 41 గ్రాములు, అంటే ఐదు యూనిట్లు. "ఒకటి రెండు యూనిట్లు" అన్నదాన్ని ఒకటి రెండు సీసాలుగా చదువుకునే గర్భిణిని నేను తప్పు పట్టలేను.

పుస్తకంలో ఉండవలసింది, లేనిది ఇంకొకటి ఉంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి మద్యం సీసాల మీద తప్పనిసరిగా ఉండే హెచ్చరిక రెండే మాటలు చెబుతుంది: మద్యపానం ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపవద్దు. గర్భిణి మాట అందులో లేదు. అమెరికాలో 1989 నుంచి సీసా మీద ఆ మాట ఉంది, ఫ్రాన్సులో 2007 నుంచి గర్భిణి బొమ్మ ఉంది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 2023 నుంచి తప్పనిసరి అయింది. మన దగ్గర సీసా చెప్పనిది, ముంత ఎలాగూ చెప్పలేనిది, ఆసుపత్రి పుస్తకమే చెప్పాలి. అదే తప్పు చెబితే చెప్పించుకునేవారికి వేరే దిక్కు లేదు. సిస్టర్ మాట విన్నవి పద్నాలుగు జంటలు, ఆ పుస్తకం చేతులు మారి ఎందరింటికి పోతుందో ఎవరికీ తెలియదు.

ఇదంతా ఒక పేజీలో రాసి, లెక్కలతో సహా, తరువాతి ఆదివారం రిసెప్షన్‌లో ఇచ్చాను. తీసుకున్న అమ్మాయి మర్యాదగానే తీసుకుంది, పై వారికి అందజేస్తామంది. అదే రోజు సిస్టర్‌ను కలిసినప్పుడు పుస్తకంలోని ఆ పేజీ గురించి అడిగితే, ఆమె తన చేతిలోని ప్రతిని తెరిచి చూపించారు. 23వ పేజీలో ఆ వాక్యాన్ని ఆమె ఎప్పుడో పెన్నుతో కొట్టివేసి, పక్కన "చుక్క కూడా వద్దు. కల్లు కూడా" అని రాసుకున్నారు.

చేరదలచుకున్నవారికి నా సలహాలు కొన్ని. మూడో ఆదివారానికి భర్తను గాని అత్తగారిని గాని, వీలైతే ఇద్దరిలో ఎక్కువ పట్టుదల ఉన్నవారిని, వెంట తీసుకెళ్లండి. రెండో మనిషిని ఆ ఒక్క రోజుకు మార్చుకోవడానికి వారు అడ్డు చెప్పరు. ముందు వరుసలో కూర్చోండి. చీటీలు పంచినప్పుడు ఖాళీగా మడిచి వేయకండి. నాలుగు వారాలకు 3,500 రూపాయలు పెట్టలేనివారు విడిగా ఒక వారానికి వెయ్యి కట్టి కూడా కూర్చోవచ్చు, ఆ సంగతి బోర్డు మీద లేదు, అడిగితేనే చెబుతారు. పుస్తకం తీసుకోండి, పాలు పట్టడం గురించిన పేజీలు బాగున్నాయి. 23వ పేజీ దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం పెన్ను దగ్గర పెట్టుకోండి.